మూసి ఉన్న మూడు నెలలు

ట్రంకుపెట్టె తాళంచెవి మూడవ రోజున కూడా జహీరుద్దీన్ లాల్చీ జేబులోనే ఉండిపోయింది. పెట్టె మాత్రం మండీబజారులోని ఆ ఇంటి ముందుగదిలో, దివాను పక్కన, వచ్చేపోయే వారందరికీ కనబడుతూనే ఉంది. అందులో ముప్ఫై ఒక్క రిజిస్టర్లు ఉన్నాయి. మరునాడు, సోమవారం ఉదయం పది గంటలకు, అవి హైదరాబాదులో పరిశీలక సంఘం ఎదుట ఉండవలసి ఉంది.

"అబ్బా, నా రైలు నాలుగింటికి," అన్నది ఆయన కూతురు మెహ్జబీన్.

జహీరుద్దీన్ వార్తాపత్రిక పుట తిప్పాడు.

"మీకే చెప్తాన. విన్నరా?"

"విన్న."

"మరి చాబీ ఇయ్యున్రి."

ఆయన ఆ పుటను కూడా తిప్పివేశాడు. ఆదివారం అనుబంధం అక్కడితో ముగిసింది. ఆయన తిరిగి మొదటి పుటకు వచ్చాడు.

"ఆపా, మనుషుల్ని ఆకాశంలకు పంపుడు తర్వాత చూసుకోవచ్చు," అన్నాడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న మజర్. అతడు మెహ్జబీన్ తమ్ముడు. చౌరస్తాలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. "ముందుగాల ఈ పెట్టె మూత లేపు. గదే పెద్ద ప్రయోగం."

"నువ్వు దుకాణం పో మజర్."

"ఆదివారం దుకాణం ఏడిది? ఈడ తమాషా నడుస్తాంది, ఎట్ల పోవాలె?" అని చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నాడు.

వంటింట్లో నుండి వారి తల్లి మెహరున్నీసా గొంతు వచ్చింది. "మూడు దినాలసంది ముద్ద సక్కగ తింటలేడు. ఏమన్న అడిగితే గోడకు చెప్పుకున్నట్టే ఉన్నది. పిల్ల రిపోర్టుల తన పేరు చిన్న అక్షరాలల్ల అచ్చయిందని అలిగిండు. నాకెర్కలేదా ఈయన సంగతి?"

"చిన్న అక్షరాలు కావమ్మీ. మొదటి పేజీలనే ఉన్నది."

"హైదరాబాద్ రమ్మన్నా వస్తనంటలేడు," అన్నాడు మజర్. "కొత్త షేర్వాణీ కుట్టిస్తే వస్తడేమో అడుగు."

జహీరుద్దీన్ ఆ మాటకు కూడా తల ఎత్తలేదు. శుక్రవారం జుమా నమాజు ముగిసిన తరువాత కుమార్తె తన నివేదికను ఇంటివారందరికీ చదివి వినిపించింది. సగం వరకు ఆయన మీసం సవరించుకుంటూ విన్నాడు. ఆ తరువాత లేచి వెళ్ళి పెట్టెకు తాళం వేశాడు. నాటి నుండి ఇంట్లో ఇదే తంతు.

నివేదిక సారాంశం క్లిష్టమైనది కాదు. భూమి చుట్టూ తిరుగుతూ ఉండే పరిశోధనా కేంద్రంలో ఏడాది పొడవునా నలుగురు మనుషులను ఉంచినట్లయితే, వారికి నీరు, ఆహారం, విడిభాగాలు మోసుకొనిపోయే నౌకలకే నిధులు చెల్లిపోతాయి. పరిశోధనకు మిగిలేది స్వల్పం. కేంద్రం ఇరవై ఏండ్లు నిలవాలంటే నిర్వహణ వ్యయం తగ్గక తప్పదు. అందువల్ల ఏటా మూడు నెలలపాటు మనుషులను కిందికి దింపి, కేంద్రాన్ని మూసి ఉంచి, భూమి మీది నుండే కనిపెట్టి ఉండవచ్చునని మెహ్జబీన్ ప్రతిపాదించింది. ఆ మూడు నెలలూ శీతలీకరణ పంపులు ఆగి ఉంటాయి. వాటి ఇరుసులు బిగుసుకొనిపోకుండా, ఇరుసు చుట్టూ కారకుండా ఆపే రబ్బరు సీల్‌లు ఎండిపోకుండా ఒక చిన్న మోటారు వారానికి రెండుసార్లు వాటిని కొద్దిగా తిప్పుతుంది.

అలా ఆగిన పంపు మళ్ళీ సక్రమంగా నడుస్తుందా అన్నది పరిశీలకుల ప్రశ్న. ప్రయోగశాలలలో దొరికిన లెక్కలు రెండు మూడేండ్లకు మించినవి కావు. సుదీర్ఘమైన లెక్క ఒక్కచోటనే లభించింది. అది ఎనుమాముల మార్కెట్ వెనుక, ఇప్పుడు మూతపడిన ఒక శీతల గిడ్డంగిది. మిర్చి బస్తాలు ఫిబ్రవరి చివర అందులోకి చేరేవి. నవంబరు ముగిసేసరికి ఖాళీ అయ్యేవి. తక్కిన మూడు నెలలు యంత్రాలు ఆగి ఉండేవి. ముప్ఫై ఒక్క ఏండ్లు అక్కడ ప్రధాన మెకానిక్‌గా పనిచేసినవాడు జహీరుద్దీన్.

ఆయన రిజిస్టర్ల ప్రకారం ఖాళీ నెలలలో వారానికి రెండుసార్లు కంప్రెసర్ ఇరుసును చేత్తో తిప్పారు. ఒక్క లోపమూ కనబడలేదు. లోపాలన్నీ యంత్రం నడిచే నెలలలోనే వచ్చాయి. కనుక యంత్రం నడిచినప్పుడు అరుగుతుందనీ, ఆగి ఉన్నప్పుడు పదిలంగా ఉంటుందనీ మెహ్జబీన్ తేల్చింది. సోమవారం సంఘం దానికి సమ్మతించినట్లయితే, ఆ కేంద్రపు నిర్వహణ బృందానికి ఆమెయే అధిపతి అవుతుంది. ఆ పదవికి ఆమె ఏడేండ్లుగా ఎదురుచూస్తున్నది.

పదకొండు గంటలకు ఇంటి ముందు ఆటో ఆగింది. దిగినవాడు కట్టయ్య. అతడు ఆ గిడ్డంగిలో జహీరుద్దీన్ కింద ఇరవై ఆరేండ్లు సహాయకుడిగా పనిచేసి, ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో తన రెండెకరాలు చూసుకుంటున్నాడు. చంకలో కందికాయల సంచి ఉంది.

"ఏం మిస్త్రీ సాబ్, అలిగినవట? పెండ్లినాడు గూడ నువ్వు గింత అలగలేదని భాబీ అంటాంది."

జహీరుద్దీన్ పత్రిక దించాడు. మూడు రోజులలో ఆయన ముఖంలో మార్పు కనబడడం అదే మొదటిసారి. "నిన్నెవ్వలు రమ్మన్నరు?"

"భాబీ ఫోన్ జేసింది. పొద్దుగాల పుష్‌పుల్ రైలు ఎక్కి వచ్చిన. కూసో అని గూడ అనవా?"

"చాయ్ తాగి పో."

"గదేంది! వచ్చినోన్ని అప్పుడే ఎల్లగొడ్తాండు సూడు బిడ్డా."

మెహరున్నీసా చాయ్ తెచ్చింది. "కట్టయ్య అన్నా, నువ్వన్న జర చెప్పు. పిల్ల రెండేండ్లు రాత్రి పగలు అనకుంట పనిజేసింది. వీధి మొత్తానికి చెప్పుకున్న నేను, మా ఆయన రాసిన రాతలు ఆకాశంల పనికొస్తానయని. ఇప్పుడు పెట్టెకు తాళమేసి కూసున్నడు."

"ఆకాశంలనా?" కట్టయ్య సాసరులో చాయ్ పోసుకున్నాడు. "మన మిర్చి కంపిని రాతలు ఆకాశంల ఏంజేస్తయి బిడ్డా?"

"కట్టయ్యా," అన్నాడు జహీరుద్దీన్, "చాయ్ తాగు."

"తాగుతనే ఉన్న గద."

మెహ్జబీన్ అతని ఎదుట ముక్కాలిపీట మీద కూర్చున్నది. "కాకా, పైన ఒక స్టేషన్ ఉంటది. మనుషులుండి పరీక్షలు చేస్తరు. ఏడాదంత మనుషులుంటే ఖర్చు ఎక్కువైతది. అందుకని మూడు నెలలు దాన్ని మూసి పెట్టుడు. మీరు మిర్చి ఖాళీ అయినంక గోదాము మూసినట్టు."

"ఎవ్వలు ఉండరా?"

"ఎవ్వరూ ఉండరు."

"మరి ఇరుసు ఎవ్వలు తిప్పుతరు? బిగుసుకపోదా?"

"చిన్న మోటర్ తిప్పుతది. కింద నుంచి మేం నడిపిస్తం."

కట్టయ్య సాసరు ఖాళీ చేసి, మూతి తుడుచుకొని, కొంతసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన యంత్రాలతో బతికినవాడి ఆలోచన. "మోటర్ మంచిదే. కని తిప్పితే సీల్ ఎండకుంట ఉంటదని నీకెట్లెర్క? ఎవ్వలన్న తిప్పి చూసిన్రా?"

"మీరే తిప్పిన్రు కద కాకా!" మెహ్జబీన్ నవ్వింది. "సోమవారం ఒకసారి, బేస్తవారం ఒకసారి. ముప్ఫై ఒక్క ఏండ్లు. అంతా రాసి ఉన్నది."

కట్టయ్య కూడా నవ్వాడు. "మేమా? చలికాలంల మేమేడున్నం బిడ్డా! నేను ఊర్ల పత్తి ఏరుతుంటి. తక్కినోళ్ళు ములుగు దిక్కు పనులకు పోతుండ్రి. మిస్త్రీ సాబ్ ఊరూరు తిరిగి పంపుసెట్లు బాగుజేస్తుండె. గోదాముల పావురాలు ఉంటుండె, గంతే."

ఆ మాట ముగిసిన తరువాత ఇక నవ్వు వినబడకపోవడం గమనించి, అతడు జహీరుద్దీన్ వైపు చూశాడు. జహీరుద్దీన్ పత్రికను నాలుగు మడతలు పెట్టి దివాను మీద ఉంచాడు.

"మరి రిజిస్టర్?" అన్నది మెహ్జబీన్.

కట్టయ్య ఖాళీ సాసరును బల్ల మీద పెట్టాడు.

"కాకా, రిజిస్టర్ ఎవరు రాసిన్రు?"

"ఇంటికాడ ఆవు ఈనేటట్టున్నది," అంటూ కట్టయ్య లేచాడు. "ఒంటిగంట బండికి పోత."

"కూసో," అన్నాడు జహీరుద్దీన్. అతడు కూర్చున్నాడు.

జహీరుద్దీన్ జేబులో నుండి తాళంచెవి తీసి, మడిచిన పత్రిక మీద పెట్టాడు. ఆయన స్వరంలో తొట్రుపాటు లేదు. "నేనే రాసిన. సీజన్ మొదలయ్యే ముందు ఒక్క దినం కూసుంటుంటిమి. కట్టయ్య తారీఖులు చదువుడు, నేను రాసుడు. రెండుసార్లు చాయ్ తాగేసరికి మూడు నెలలు నిండుతుండె. ఒక్క పెన్నుతోని రాస్తే తెలుస్తదని మూడు పెన్నులు పెట్టుకుంటుంటి."

మజర్ లేచి తాళంచెవి తీసుకొని పెట్టె తెరిచాడు. ఎవరూ అడగకుండానే పై రిజిస్టరు తీసి అక్క చేతికి ఇచ్చాడు. ఆమె జనవరి నెల పుటలు తెరిచింది. సోమవారం నీలం, గురువారం నలుపు. తరువాతి సోమవారం మరికొంత ముదురు నీలం. ఇరుసు తిప్పబడినది. నూనె ఉష్ణోగ్రత పంతొమ్మిది. ఇరుసు తిప్పబడినది. నూనె ఉష్ణోగ్రత పద్ధెనిమిదిన్నర. అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. చాలాకాలం ఆమె ఆ చేతిరాతను తన సహచరులకు ఆదర్శంగా చూపిస్తూ వచ్చింది.

"ఈ టెంపరేచర్లు?"

"ఆ యేటి చలిని బట్టి అందాజుగ రాసిన."

"వీటితోని నేను గ్రాఫ్ గీసిన అబ్బా."

"చూసిన. మంచిగ వచ్చింది."

మజర్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వీధిలో కూరగాయల బండివాడు టమాటా ధర చెబుతూ సాగిపోయాడు.

"గోదాము సెట్టుకు గూడ ఎర్కే బిడ్డా," అన్నాడు కట్టయ్య నెమ్మదిగా. "మూడు నెలలు మా జీతం బంద్ పెడితే ఫిబ్రవరిల మల్ల దొరకమని ఆయనకు భయం. లెక్క చూసేటోళ్ళకు రిజిస్టర్ నిండుగుంటె చాలన్నడు."

"ఆయన మీద పెట్టకు," అన్నాడు జహీరుద్దీన్. "సంతకం నాది."

"సీల్‌లు ఎట్ల ఉంటుండె?" మెహ్జబీన్ గొంతు ఇప్పుడు కార్యాలయంలో పలికే గొంతు. "ఫిబ్రవరిల తెరిచినప్పుడు?"

"ఎండిపోయి ఉంటుండె. ప్రతి ఏడు గాదు. మూడేండ్లల్ల రెండేండ్లు. ఇరుసు కదిలించంగనే నూనె కారుతుండె. సెట్టు వచ్చే లోపట కొత్తది ఏస్తుంటిమి."

"అది ఏడ రాసిన్రు?"

"ఏప్రిల్ల. నడిచి నడిచి అరిగిందని."

మెహ్జబీన్ రిజిస్టరు మూసివేసింది. ఆమె తేల్చిన సూత్రం ఇప్పుడు తలకిందులై నిలిచింది. నడిచే యంత్రానికి రాసిన లోపాలలో అధికభాగం ఆగిన యంత్రానివి. ఇరుసు తిప్పుతూ ఉంటే ఆ లోపం రాకుండా ఉంటుందా అన్న విషయం, అవునని గాని కాదని గాని, ఈ ముప్ఫై ఒక్క పుస్తకాలలో ఎక్కడా లేదు. ఎవరూ తిప్పలేదు. మూడు నెలల తరువాత తిరిగి వెళ్ళే నలుగురు తలుపు తెరిచేది అట్టి పంపుల మీద నమ్మకంతోనే.

"రెండేండ్ల కింద ఫొటోలు తీసుకున్న. ఒక్కొక్క పేజీ మీరే తిప్పి చూపించిన్రు. అప్పుడెందుకు చెప్పలే?"

"సీల్ ఎన్ని దినాలు నడుస్తదో చూస్తానవనుకున్న. నడిచే నెలల తారీఖులు చూసుకుంటవనుకున్న. ఖాళీ నెలలే నీకు కావాల్నని నాకు శుక్రవారం ఎర్కయింది."

"శుక్రవారం నుంచి ఆదివారం దాక?"

జహీరుద్దీన్ మడిచిన పత్రికను మరొక మడత పెట్టాడు. కట్టయ్య తన పంచె అంచును చూసుకుంటూ ఉన్నాడు.

ఇంతసేపూ గుమ్మానికి ఆనుకొని విన్న మెహరున్నీసా ముందుకు వచ్చింది. "అయిందేదో అయింది. రిజిస్టర్లు చెదలు తిన్నయని చెప్పు. ఫొటోలు ఉన్నయి గద, అవ్వే చూసుకోమను."

"అమ్మీ!"

"ఏం, తప్పా? ఊర్లె ఏ ఇంట్ల చెదలు లేవు?"

"ఫొటోలల్ల ఉన్నది గూడ గదే అబద్ధం."

"అబద్ధమని మనకే ఎర్క. ఈ అన్నకు ఎర్క. అన్నా, నువ్వు బయట చెప్తవా?"

"నేనెందుకు చెప్త భాబీ," అన్నాడు కట్టయ్య. ఆ మాట అనవలసి వచ్చినందుకు అతడు సంతోషించినట్లు కనబడలేదు.

మెహ్జబీన్ సంచిలో నుండి తెల్లకాగితం, పెన్ను తీసి తండ్రి ముందు పెట్టింది. "ఒక్క పని చెయ్యిన్రి. ఏ యేడు తెరిస్తే సీల్ ఎట్ల ఉండెనో యాది చేసుకొని రాయున్రి. కింద సంతకం పెట్టున్రి. ఖాళీ నెలల లెక్క తీసేసి, ఇది చూపిస్త. ప్లాన్ నిలుస్తదో లేదో తర్వాత చూద్దాం."

ఆయన ఆ కాగితాన్ని వేలితో వెనుకకు నెట్టాడు. పెన్ను ముట్టలేదు.

"రాయను."

"ఎందుకు?"

"ఏ యేడు ఏమైందో నాకు యాది లేదు. మూడేండ్లల్ల రెండేండ్లు అన్న. అది గూడ అందాజే. చూడకుంట ముప్ఫై ఒక్క ఏండ్లు సంతకం పెట్టిన. ఇప్పుడు యాది లేకుంట ఇంకొకటి పెట్టమంటానవ్."

"ఇది మంచికి అబ్బా."

"అది గూడ మంచికే అనుకున్న. ఆరుగురు మనుషులు పనికి నిలిచిన్రు."

"అయితే నన్నేం చెయ్యమంటరు?"

"నువ్వు చదువుకున్నదానివి."

"గిదేనా మీ జవాబు?" మెహ్జబీన్ గొంతు మొదటిసారి పెరిగింది. "రేపు పది గంటలకు నేను నిలబడాలె, మీరు కాదు. దొంగ లెక్కలు తెచ్చిందని నన్నంటరు. ఏడేండ్లు! ఇంట్ల కూసొని పేపర్ తిప్పుకుంట, పెట్టెకు తాళమేసి..."

"ఆపా, జర నిమ్మళం," అన్నాడు మజర్.

"నువ్వు మాట్లాడకు!"

"సరే, మాట్లాడ." అతడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఈ సమయంలో ఫోను మోగింది. బల్ల మీద వెలిగిన పేరు రాజేశ్వర్ రావుది. ఆయన అధ్యయన బృందానికి పెద్ద. మెహ్జబీన్ ఫోను తీసింది. అందరికీ వినబడేటట్లు దానిని తిరిగి బల్ల మీదనే పెట్టి, స్పీకరు నొక్కింది.

"అమ్మా మెహ్జబీన్, బయలుదేరారా? ఆ రిజిస్టర్లు మోసుకొని రానక్కరలేదు. సంఘం చైర్మన్‌గారు ఫొటోలు చూశారు. ఇంత క్లీన్ రికార్డు తన సర్వీసులో చూడలేదన్నారు. ఒరిజినల్స్ అవసరం లేదు, రేపు కవరింగ్ షీట్ మీద మీ సంతకం ఉంటే చాలు."

మెహరున్నీసా రెండు చేతులూ ఎత్తి పైకి చూసింది. కట్టయ్య ఊపిరి వదిలాడు.

"సార్..." అన్నది మెహ్జబీన్.

"ఇంకొక మాట. ఖాళీ నెలల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక్క ఫాల్టు కూడా లేదు కదా, మరి మూడు నెలలే ఎందుకు, ఆరు నెలలు మూయవచ్చు కదా అని అడుగుతున్నారు. మొత్తం ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. మీరు సరేనంటే ఈ రోజే మార్చి పెడతాను. ఏమంటారు?"

గదిలో నలుగురు ఆమెను చూశారు. ఆమె మాత్రం తండ్రిని చూసింది. తరువాత ఫోనును ఆయన వైపు జరిపింది.

"సార్, మా అబ్బా ఇక్కడే ఉన్నరు. ఆయననే అడుగున్రి."

"అలాగా! నమస్కారమండీ జహీరుద్దీన్‌గారూ. మీ గురించి అమ్మాయి ఎప్పుడూ చెబుతుంది. మీ అనుభవంతో చెప్పండి, ఆరు నెలలు ఆపితే ఏమైనా ఇబ్బంది ఉంటుందా?"

జహీరుద్దీన్ దివాను మీది నుండి లేచాడు. ఆ గిడ్డంగిలో యజమాని వచ్చినప్పుడు లేచి నిలబడినట్లే, చేతులు పక్కలకు చేర్చి నిలబడ్డాడు.

"నమస్తే సార్. మీ దగ్గర కాగితం ఉన్నదా?"

"ఉందండీ, ఉంది."

"రాసుకోండి."

అటువైపు కాగితం చప్పుడు, పెన్ను కోసం వెదికిన చప్పుడు వినిపించాయి. "ఊఁ, చెప్పండి."

జహీరుద్దీన్ నోరు తెరిచేలోగా మెహరున్నీసా చేయి చాచి, బల్ల మీది నుండి ఫోను అందుకొని, కాల్ కట్ చేసింది.

"అమ్మీ, ఇటియ్యి!"

ఆమె ఇవ్వలేదు. ఫోనును రెండు చేతులతో పొట్టకు అదుముకొని రెండడుగులు వెనుకకు జరిగింది. "ఇరుసు తిప్పినవా అని ముప్ఫై ఒక్క ఏండ్లు ఎవ్వలు అడగలే," అన్నది భర్తతో. "ఇప్పుడు గూడ అడుగుతలేరు. నా బిడ్డ నౌకరి నీ నోట్ల పెట్టి నమలకు."

"మెహరున్, ఫోన్ ఇయ్యి," అన్నాడు జహీరుద్దీన్.

ఆమె చేతులలో ఫోను మళ్ళీ మోగసాగింది.